రీఫ్ ట్యాంక్‌లో పురుగు పడితే ఏ జీవిని తెచ్చుకోవాలి?

వరికి దోమపోటు తగిలిందని మందు మీద మందు కొట్టిన చేను చివరికి ఎలా తయారవుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. దోమతోపాటు దాన్ని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు కూడా పోతాయి. అడ్డుకునేవి లేక దోమ రెట్టింపై తిరిగొస్తుంది. అందుకే మిత్ర పురుగుల్ని కాపాడుకోమని వ్యవసాయశాఖవాళ్ళు మొత్తుకుంటారు. ఇంట్లో కోరల్స్, అంటే పగడపు జీవులు, పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంక్‌లోనూ లెక్క అదే. నీళ్ళలో మందు పోస్తే పురుగు ఒక్కటే చావదు. రాళ్ళలో ఉండే కోపీపాడ్లు అనే చుక్కలంత జీవులు, రొయ్యలు, పీతలు, నత్తలు కూడా పోతాయి. అవి కుళ్ళితే అమ్మోనియా పెరిగి అసలు కోరల్‌కే ముప్పు వస్తుంది.

కాబట్టి పురుగుని తినే జీవిని తెచ్చుకోవడం మంచి దారి (కోరల్‌కి కీడు చేసే ఏ జీవినైనా ఇక్కడ పురుగు అంటున్నాను). అయితే "ఐప్టాసియా తినే చేప", "ఫ్లాట్‌వార్మ్ తినే చేప" అని పేరు పెట్టి అమ్మేవి చాలా ఉన్నాయి (ఈ రెండు పురుగుల సంగతి కింద చెప్తాను). ఏది కొనాలో తేల్చుకోవడానికి నేను ఒక్క ప్రశ్న వేసుకుంటాను: పురుగు అయిపోయాక ఇది ఏం తిని బతుకుతుంది? ఆ పురుగు తప్ప ఇంకేదీ ముట్టని జీవి అయితే ఆకలితో చచ్చిపోతుంది. ఏది పడితే అది తినే జీవి అయితే తర్వాత మీ కోరల్ మీద పడొచ్చు. ఈ రెండు రకాల్లో మీ ట్యాంక్‌కీ, మీ ఓపికకీ ఏది సరిపోతుందో చూసుకోవాలి.

ముందు పురుగు ఏదో తేల్చుకోండి

కోరల్ ముడుచుకుంటే చాలు పురుగే అనుకుని టెన్షన్ పడి చేపని కొనేసేవాళ్ళు ఎక్కువ. ఉప్పు శాతం తేడా వచ్చినా, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత) ఊగినా, మే నెల ఎండకి నీళ్ళు వేడెక్కినా కోరల్ ముడుచుకుంటుంది. అవన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే పురుగు కోసం వెతకండి.

వెతకడానికి రాత్రి మంచిది. లైట్లు ఆపిన గంటా రెండు గంటల తర్వాత, టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టి చూడండి. ఎర్ర వెలుగుకి చాలా జీవులు బెదరవు. కోరల్ అడుగుభాగం, ఫ్రాగ్ ప్లగ్ (కోరల్ ముక్కని అంటించే చిన్న దిమ్మ) అంచు, చచ్చి తెల్లబడ్డ చోటు, ఈ మూడూ ముఖ్యంగా చూడాలి. పగలు రబ్బరు బుడ్డి ఉన్న పెద్ద పిప్పెట్‌తో కోరల్ మీదకి నీళ్ళు గట్టిగా ఊదితే ఫ్లాట్‌వార్మ్‌లు ఊడి పైకి లేస్తాయి.

కనిపించిన ప్రతిదీ శత్రువు కాదు. ఒంటి నిండా ముళ్ళ వెంట్రుకలతో పాకే బ్రిసిల్ వార్మ్‌ని చూసి భయపడతారు గానీ, వాటిలో చాలా రకాలు మిగిలిపోయిన మేత, చచ్చిన జీవుల్ని తిని ట్యాంక్‌ని శుభ్రం చేసేవే. చేత్తో మాత్రం ముట్టుకోకండి, ముళ్ళు గుచ్చుకుంటాయి. అద్దం మీద చుక్కల్లా పరిగెత్తే కోపీపాడ్లు, రాళ్ళ సందుల్లోంచి చేతులు ఊపే చిన్న బ్రిటిల్ స్టార్లు కూడా మనవైపే.

ఐప్టాసియా: నాలుగు దారులు

నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. లేత గోధుమరంగులో, వెనక రాయి కనిపించేంత పారదర్శకంగా ఉండే చిన్న అనిమోన్, అంటే పువ్వులా కనిపించే సముద్రజీవి ఇది. టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే మెత్తటి చేతులు) పొడుగ్గా, మొనదేలి ఉంటాయి. పుల్లతో తాకితే రెప్పపాటులో రంధ్రంలోకి లాగేసుకుంటుంది. పక్కనున్న కోరల్‌ని కుట్టి చంపుతుంది. దీన్ని గీకి తీసేయాలని చూడడం అన్నిటికంటే చెడ్డ పని. రాయి మీద మిగిలిన చిన్న ముక్క కూడా మళ్ళీ పూర్తి అనిమోన్‌గా పెరుగుతుంది.

ట్యాంక్ మొత్తంలో ఐదారు మాత్రమే ఉంటే ఏ జీవీ కొనకండి. కాల్షియం హైడ్రాక్సైడ్ చాలు, అంటే సున్నమే. కిళ్ళీకొట్టు సున్నం కాదు, రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే శుద్ధమైన పొడి. ఆర్వో నీళ్ళతో చిక్కగా కలిపి, పంపులు ఆపి, సూది లేని సిరంజితో నెమ్మదిగా దాని నోటి మీద వేయాలి. మేత అనుకుని లోపలికి తీసుకుంటే పని అయినట్టే. నీళ్ళ పీహెచ్ పెరుగుతుంది కాబట్టి ఒక పూటకి రెండు మూడు మించి చేయొద్దు. కళ్ళజోడు, గ్లవ్స్ తప్పనిసరి.

అంతకంటే ఎక్కువ ఉంటేనే జీవుల మాట.

చాలామంది మొదట తెచ్చుకునేది పెప్పర్‌మింట్ రొయ్య. చౌక, గట్టిది, చిన్న ట్యాంక్‌లోనూ బతుకుతుంది. గుంపుగా ఉంటే ధైర్యంగా బయటికి వస్తుంది కాబట్టి 100 లీటర్లకి మూడు నాలుగు వేసుకోవచ్చు. చిన్న ఐప్టాసియాని బాగా తింటుంది, పెద్దవాటి జోలికి వెళ్ళడానికి జంకుతుంది. పైగా కడుపు నిండితే అసలు పట్టించుకోదు. పాలకొల్లు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "ఏవండీ, రొయ్యలు వేసి నెలయ్యిందండి, ఒక్కటీ తగ్గలేదండి" అన్నారు. మేత ఎన్నిసార్లు వేస్తున్నారండీ అంటే, "మూడు పూటలండి, పాపం ఆకలేస్తుంది కదండీ" అన్నారు. ఆ మూడు పూటల మేత ఒక పూటకి తగ్గించాక రొయ్యలు పని మొదలుపెట్టాయి.

పురుగు అయిపోయాక ఇది ఏం తింటుంది? చేపలకి వేసే మేతే తింటుంది కాబట్టి ఆకలితో చావదు. అయితే ఒక్కో రొయ్య జోవాంథస్‌ని (చాపలా పరుచుకునే పువ్వుల్లాంటి జీవుల్ని) గిల్లడం, పెద్ద పాలిప్‌లున్న (పాలిప్ అంటే నోరూ టెంటకిల్స్ ఉన్న ఒక్కో కోరల్ జీవి) కోరల్ నోట్లోంచి మేత లాక్కోవడం మొదలుపెడుతుంది. అది రొయ్యని బట్టి ఉంటుంది, ముందే చెప్పలేం.

కొనేటప్పుడు ఒక సంగతి దగ్గరగా చూడండి. పెప్పర్‌మింట్ పేరుతో క్యామెల్ రొయ్యని అంటగట్టడం మామూలే. పెప్పర్‌మింట్ ఒళ్ళు పలచగా, లోపలి భాగాలు కనిపించేలా ఉంటుంది. దాని మీద ఎర్రటి గీతలు సన్నగా నడుస్తాయి. క్యామెల్ రొయ్యకి వీపు మీద గూని ఉంటుంది, కళ్ళు పెద్దవి, ఒళ్ళంతా ఎరుపు, మధ్యలో తెల్ల గీతలూ చుక్కలూ బొద్దుగా కనిపిస్తాయి. ముక్కు కొమ్ము పైకి లేచి ఉంటుంది, దాన్ని కిందికీ పైకీ ఆడించగలదు కూడా. ఇది జోవాంథస్‌నీ మెత్తటి కోరల్స్‌నీ తినేస్తుంది. షాపువాళ్ళ మీద నమ్మకం ఉన్నా సరే, సంచిని వెలుగుకి పెట్టి మీ కళ్ళతో చూసుకోండి.

రెండోది బెర్గియా. రెండు మూడు సెంటీమీటర్లకి మించని తెల్లటి సముద్రపు స్లగ్, అంటే గుల్ల లేని నత్త. వీపు నిండా మెత్తటి వేళ్ళలాంటి పోగులు ఉంటాయి. అది ఐప్టాసియా తప్ప ఇంకేమీ తినదు. కోరల్‌కి దీనివల్ల వచ్చే ప్రమాదం సున్నా. రొయ్య దూరలేని సందుల్లోకి కూడా వెళ్ళి తింటుంది, చుట్టలు చుట్టిన తెల్లటి దారంలా గుడ్లు పెట్టి సంఖ్య పెంచుకుంటుంది. కానీ ఓపిక కావాలి. రాత్రిపూటే తిరుగుతుంది, వేసిన నెలదాకా అసలు ఉందో లేదో కూడా తెలియదు. ట్యాంక్ శుభ్రపడడానికి రెండు మూడు నెలలైనా పడుతుంది. ఒకటీ అరా వేస్తే ఉపయోగం లేదు, కనీసం ఆరు నుంచి పది దాకా గుంపుగా వేయాలి. పంపు జాలీలకి స్పాంజి కట్టకపోతే లాగేసుకుని ముక్కలైపోతాయి.

ఇంకో చిక్కు ఉంది. పెప్పర్‌మింట్ రొయ్యలు, రాస్ అనే జాతి చేపలు (వీటి సంగతి కింద వస్తుంది) బెర్గియాని తినేస్తాయి. అందుకే "రెండూ వేస్తే తొందరగా పోతుంది కదా" అనే ఆలోచన పనికిరాదు. ఏదో ఒకటే ఎంచుకోవాలి. పైగా ఇది షాపులో ఎప్పుడూ ఉండే సరుకు కాదు. ముందుగా చెప్పి తెప్పించుకోవాలి.

మూడోది ఐప్టాసియా తినే ఫైల్‌ఫిష్. ట్యాంక్ రంగులకి తగ్గట్టు తన రంగు మార్చుకునే చేప, పది పన్నెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. 120 లీటర్లు పైబడిన ట్యాంక్ ఉండాలి. పెద్ద ఐప్టాసియాని కూడా లాగి తింటుంది, అది రొయ్య చేయలేని పని. కానీ మన ప్రశ్నకి ఇక్కడ జవాబు అంత బాగుండదు. ఐప్టాసియా అయిపోయాక పెద్ద పాలిప్ కోరల్స్‌నీ జోవాంథస్‌నీ గిల్లే అవకాశం బాగా ఉంది. ఫ్రోజెన్ మేతకి అలవాటుపడ్డ చేపనే తీసుకోవాలి, అవసరం తీరాక ఇంకొకరికి ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి.

నాలుగోది కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై. ఎంత అందంగా ఉంటుందో అంత కష్టం. 20 సెంటీమీటర్ల దాకా పెరిగే చేప, దానికి 400 లీటర్లైనా ఉండాలి. ఐప్టాసియా తింటుందన్న హామీ లేదు. మేత అలవాటు కాక ఎన్నో చేపలు ఆకలితో చనిపోతాయి. పురుగు కోసం మాత్రమే దీన్ని కొనొద్దని నా గట్టి సలహా. పెద్ద ట్యాంక్ ఉండి, ఎలాగూ ఆ చేప పెంచాలని ఉంటే, షాపులో మీ కళ్ళముందు మేత తిన్న చేపనే తెచ్చుకోండి.

నన్నడిగితే, జోవాంథస్ ఎక్కువున్న ట్యాంక్‌కి, రాస్ చేప లేకపోతే, బెర్గియానే ముందు. రాస్ ఇప్పటికే ఉంటే బెర్గియా డబ్బు దండగ, పెప్పర్‌మింట్ వైపు వెళ్ళండి. రొయ్యలు పెద్దవాటిని వదిలేస్తే వాటికి సున్నం పెట్టండి. ఈ రెండూ కలిస్తే చాలా ట్యాంకులకి ఫైల్‌ఫిష్ దాకా వెళ్ళే అవసరమే రాదు.

ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌లు

తుప్పు రంగులో, నాలుగైదు మిల్లీమీటర్ల పొడవుతో, తోక దగ్గర చీలికలతో ఇసుక మీదా రాళ్ళ మీదా పరుచుకునే పురుగులివి. కోరల్‌ని తినవు గానీ దాని మీద కప్పేసి వెలుగు అందకుండా చేస్తాయి. వీటిలో విషం ఉంటుంది. వేల సంఖ్యలో ఉన్నప్పుడు ఒక్కసారిగా చంపితే ఆ విషం నీళ్ళలో కలిసి చేపలు పోతాయి. కాబట్టి ఏ జీవిని తెచ్చినా ముందు సన్నటి పైపుతో వారానికి రెండుసార్లు పీల్చి తీసేయండి. నీళ్ళ వడి పెంచండి, మేత తగ్గించండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. సంఖ్య తగ్గాకే జీవిని దింపండి.

బ్లూ వెల్వెట్ అనే నీలి నల్లటి స్లగ్ ఫ్లాట్‌వార్మ్‌లని అన్నిటికంటే వేగంగా తింటుంది. కానీ వాటి మీదే బతుకుతుంది, అవి అయిపోతే దాని ఆయుష్షూ అయిపోయినట్టే. పక్క ఊళ్ళో అదే సమస్య ఉన్న ఇంకో ట్యాంక్‌కి ఇచ్చే వీలుంటే తప్ప నాకు ఇది న్యాయంగా అనిపించదు.

రాస్ చేపలు మేలు. సిక్స్‌లైన్ రాస్ చిన్నది, గట్టిది, రోజంతా రాళ్ళ మీద చిన్న పురుగుల్ని ఏరుతూనే ఉంటుంది. ట్యాంక్‌లో పాతబడ్డాక కొత్తగా వచ్చిన చేపల్ని తరిమి తరిమి చంపే గుణం మాత్రం ఉంది. అందుకే దీన్ని అందరికంటే చివర వేయాలి. శాంతంగా ఉండేది కావాలంటే ఎల్లో కోరిస్. కొంచెం పెద్ద ట్యాంక్ ఉంటే మెలనూరస్ రాస్. ఈ రెండూ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి కాబట్టి అడుగున ఐదు సెంటీమీటర్ల మెత్తటి ఇసుక ఉండాలి. రాస్‌లన్నీ ఎగిరి బయట పడతాయి. కిటికీలకి కొట్టే దోమల మెష్‌తో మూత చేయించుకుంటే సరిపోతుంది. పురుగు అయిపోయినా రాస్‌లు మామూలు మేతతో హాయిగా బతుకుతాయి, అందుకే మన ప్రశ్నకి వీటిది మంచి జవాబు. ఒక్క లోటు, కోపీపాడ్లనీ తినేస్తాయి. మాండరిన్ చేప ఉన్నవాళ్ళు దాని తిండికి పోటీ తెచ్చుకున్నట్టే.

అక్రోపోరా, మాంటిపోరా, జోవాంథస్‌ని తినే పురుగులు

అక్రోపోరా, మాంటిపోరా అనేవి రాతి కోరల్స్. ఇక్కడ పురుగుని తినే ఏ జీవీ ఒంటరిగా గెలవదు. అక్రోపోరాని తినే ఫ్లాట్‌వార్మ్ కోరల్ రంగులోనే కలిసిపోయి ఉంటుంది. పాలిపోయిన గుండ్రటి కాటు మచ్చలు కనిపిస్తేనే అనుమానం వస్తుంది. కోరల్ చచ్చిన భాగం మీద గుడ్లని గోధుమరంగు గుత్తులుగా పెడుతుంది. మాంటిపోరాని తినే తెల్లటి నూడిబ్రాంక్ (ఇదీ ఒక సముద్రపు స్లగ్గే) కోరల్ అడుగున దాక్కుంటుంది. జోవాంథస్‌ని తినే నూడిబ్రాంక్ తను తిన్న జోవాంథస్ రంగే తెచ్చుకుంటుంది. రాస్ చేపలు బయట తిరిగేవాటిని ఏరతాయి, అడుగున ఉన్నవాటిని అందుకోలేవు. సిక్స్‌లైన్ అక్రోపోరా పురుగుల్ని తిన్నా గుడ్లని వదిలేస్తుందనీ, పెప్పర్‌మింట్ జాతి రొయ్య గుడ్లని కూడా తినగలదనీ ల్యాబ్ ప్రయోగాల్లో కనిపించింది. అక్రోపోరా పెంచేవాళ్ళకి ఈ రెండూ కలిపి ఉంచడం అందుకే మంచి ఎంపిక.

అసలు పని డిప్‌దే, అంటే కోరల్‌ని మందు నీళ్ళలో కాసేపు ముంచడం. కోరల్‌ని తీసి డిప్ చేయాలి, బ్రష్‌తో గుడ్లు గీకాలి, గుడ్లు పట్టిన ప్లగ్‌ని విరిచి పారేయాలి. డిప్‌కి పురుగు ఊడుతుంది గానీ గుడ్డు చావదు. ఆ గుడ్డు పిల్ల అవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు కాబట్టి వారానికోసారి చొప్పున ఆరు వారాలు చేయాలి. ఇమిడాక్లోప్రిడ్ ఉన్న తోటల మందుని డిప్‌గా వాడేవాళ్ళు విదేశాల్లో ఉన్నారు. మన ఎరువుల కొట్లో చౌకగా దొరుకుతుంది కదా అని ఆ పని చేయకండి. కోరల్‌తోపాటు ట్యాంక్‌లోకి వెళ్ళిన కొంచెం మందు కూడా రొయ్యల్నీ కోపీపాడ్లనీ చంపుతుంది. పైన్ ఆయిల్‌తో చేసిన కోరల్ డిప్ గానీ, అయోడిన్ డిప్ గానీ చాలు. కొత్త కోరల్ ఏది వచ్చినా ఇదే డిప్ చేసి నాలుగు నుంచి ఆరు వారాలు వేరే ట్యాంక్‌లో ఉంచితే, ఈ జీవుల్లో సగం మీకు అవసరమే పడవు.

జోవాంథస్‌ని గీకేటప్పుడు, కోసేటప్పుడు గ్లవ్స్, కళ్ళజోడు తప్పనిసరి. వాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. పురుగు పట్టిన రాయిని వేడినీళ్ళలో మరిగిస్తే ఆ విషం ఆవిరితో లేచి ఇంట్లోవాళ్ళందరూ ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. ఎట్టి పరిస్థితుల్లోనూ రాయిని మరిగించొద్దు.

అక్రోపోరా మీద పడే రెడ్ బగ్స్ అనే చిన్న పురుగులకి డ్రాగన్‌ఫేస్ పైప్‌ఫిష్ మంచిదని విదేశీయులు చెప్తారు. కానీ గుర్రపుచేపలు, పైప్‌ఫిష్‌లు, రాతి కోరల్స్ 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవుల జాబితాలో చేరాయి. మన సముద్రంలోంచి పట్టింది ఎవరు అమ్మినా కొనకండి. కోరల్ కొనేటప్పుడు కూడా దిగుమతి కాగితాలు అడగండి.

మన డెల్టాలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

ఎంత ఆలోచించి మిత్రజీవిని తెచ్చినా, ఇంట్లో దోమల మందు పెడితే అది బతకడం కష్టం. ప్లగ్‌కి పెట్టే లిక్విడ్ రీఫిల్స్‌లోనూ కాయిల్స్‌లోనూ పైరెత్రాయిడ్ మందులే ఉంటాయి, అవి రొయ్యలకీ పీతలకీ చాలా తక్కువ మోతాదులోనే విషం. కాలువ పక్క ఇళ్ళల్లో దోమలు ఏ స్థాయిలో ఉంటాయో నాకు తెలుసు. ట్యాంక్ ఉన్న గదిలో మాత్రం దోమతెరే వాడండి. మున్సిపాలిటీవాళ్ళు ఫాగింగ్‌కి వస్తే కిటికీలు మూసి, ఎయిర్ పంపుని లోపలి గదిలోంచి గాలి తీసుకునేలా పెట్టండి.

రెండోది పచ్చి రొయ్య ముక్కలు. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యకి కొదవ లేదు కాబట్టి చేపలకి అదే వేస్తాం. కానీ చెరువు రొయ్యలో వైట్ స్పాట్ వైరస్ ఉంటే అది మీ పెప్పర్‌మింట్‌కీ పీతలకీ సోకే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టినంత మాత్రాన వైరస్ పోదు. బాగా ఉడికించి చల్లార్చి వేయండి, లేదా చేప ముక్కలు వేయండి.

నీళ్ళలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మాత్రం ఇక్కడ ఏ ఆక్వా షాపులోనైనా దొరుకుతుంది, అది మన అదృష్టం. 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ళ ఉప్పు) ద్రావణంతో సరిచేసుకుని వాడండి. కొత్త రొయ్యనైనా స్లగ్‌నైనా షాపు నీళ్ళ ఉప్పు ఎంతుందో చూశాకే, బొట్టు బొట్టుగా మన నీళ్ళు కలుపుతూ గంట రెండు గంటలు అలవాటు చేయాలి. ఉప్పు తేడాకి ముందు చచ్చేవి ఇవే. అంతర్వేది నుంచో ఓడలరేవు నుంచో సముద్రపు నీళ్ళు తెచ్చి పోసేద్దామనే ఆలోచన పెట్టుకోకండి. వరద కాలంలో గోదారి మంచినీళ్ళు, ఒండ్రు కలిసి అక్కడ ఉప్పు పడిపోతుంది. మన తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికి ముఖ్య కారణం కూడా అదే.

ఇక ట్యాంక్ శుభ్రపడ్డాక మిగిలిన బెర్గియాని, ఫైల్‌ఫిష్‌ని చచ్చేదాకా ఉంచకుండా, ఐప్టాసియా ఉన్న ఇంకొకరికి ఇచ్చేయండి. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం మధ్య ఇచ్చిపుచ్చుకోవడం పెద్ద కష్టం కాదు, సంచిలో ఆక్సిజన్ పట్టించి పొద్దున్న బస్సులో పంపితే మధ్యాహ్నానికి చేరుతుంది. డిప్ చేసిన నీళ్ళు, పైపుతో పీల్చిన పురుగుల నీళ్ళు మాత్రం పంట కాలువలోనో చెరువు గట్టునో పారబోయకండి. బకెట్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రోజు ఉంచి, తర్వాత మురుగు కాలువలోకి వదలండి.